సీజన్ టికెట్ కాపురం

సొంత ఇల్లు కట్టుకున్నవాణ్ణి ఊరంతా మెచ్చుకుంటుంది, ఇంట్లో ఆవిడ తప్ప. ఇల్లు కట్టినవాళ్ళకి ఈ సంగతి ఇదివరకే తెలుసు. కట్టనివాళ్ళు కాస్త దగ్గరగా జరగండి, మీ కోసమే చెబుతున్నాను.

నా ఇంటికి రావాలంటే బెజవాడలో బందరు పాసింజరెక్కి ఉప్పులూరులో దిగాలి. పట్టాలు దాటాలి. చెప్పులు చేతిలో పట్టుకోవాలి. వరిచేల గట్ల వెంట నడిచి నడిచి, ఇక ముందు మనుషులుండరని నమ్మకం కుదిరాక, అప్పుడు కనిపిస్తుంది మా కాలనీ. పేరు న్యూ విజయవాడ నగర్. అందులో ఇళ్ళు మూడు. ఒకదానికి కప్పు లేదు, రెండోదాంట్లో మనుషులు లేరు, మూడోది మాది.

ఆ స్థలం మాకు చూపించినవాడు బ్రోకరు చౌడయ్య. అరచేతిలో వైకుంఠం చూపించడంలో దిట్ట గనక అందరూ వైకుంఠం చౌడయ్య అంటారు. "సిటీకి ఇరవై నిమిషాలండీ తిరుపతిరావుగారూ! ఇరవై ఒకటైతే నా పేరు మార్చుకుంటాను" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే, రోడ్డు మీద పిట్ట కూడా లేనప్పుడు, కారులో తీసుకెళ్ళి చూపించాడు. నేను కారెక్కడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో గడియారం చూసుకోలేదు. చౌడయ్య ఇప్పటికీ అదే పేరుతో తిరుగుతున్నాడు.

నేను వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తాని. అంతకుముందు కొట్టుకి నాలుగు సందుల అవతల మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివారు ఆమినాబీగారు. ముందుగదిలో ఆవిడ జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుంది. మా ఆవిడ రాజ్యశ్రీ పొద్దున్నే నాకు క్యారేజీ కట్టి కిందికి దిగితే, సాయంత్రం దాకా అక్కడే మిషను తొక్కుతూ వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడేది. ఆ సందులో ఎవరి కూతురికి ఏ ఊరి సంబంధం వచ్చిందో ముందు మా ఆవిడకి తెలిసేది, ఆ తర్వాత ఆ పిల్ల తండ్రికి తెలిసేది.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి చేల మధ్య పెట్టాను. ముందు చేను, పక్కన చేను, వెనక చేను. మాట్లాడదామంటే కొంగలున్నాయి గానీ వాటి పనిలో అవి ఉంటాయి. మాకు పిల్లలు కూడా లేరు.

తొంభై ఆరు జ్యేష్ఠంలో గృహప్రవేశం చేశాం. మొదట్లో బాగానే పోట్లాడింది.

"ఏమండీ, ఇక్కడ ఉప్పు అయిపోతే ఎవర్నడగాలండీ?"

"అయిపోనివ్వడం దేనికి? ముందే తెచ్చిపెట్టుకో."

"ఉప్పు కోసం కాదండీ. అడగడం కోసం."

జవాబు లేనప్పుడు సొంతింటివాడు గోడ చూపించాలి. "ఈ గోడ చూశావా? మనది. నీ ఇష్టమొచ్చినన్ని మేకులు కొట్టుకో. ఎందుకని అడిగేవాడు లేడు" అన్నాను.

"అదేనండీ నేనూ అంటున్నాను. అడిగేవాడు లేడు."

వానలు ముదిరాక పోట్లాటలు మానేసింది. ఏమడిగినా "ఊఁ" అనేది. కూరలో ఉప్పెక్కువైందంటే "ఊఁ". తక్కువైందంటే "ఊఁ". ఒకరోజు కావాలనే కంచం పక్కకి తోసి చూశాను. తీసుకెళ్ళి కడిగేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు మా ఆవిడంటే భయం వేసింది ఆ రోజే. అరిచినప్పుడు ఎప్పుడూ భయపడలేదు.

ఇక నా ప్రయాణం సంగతి. బస్సుంది. మా మలుపు దగ్గరికొచ్చేసరికి నిండిపోయి ఉంటుంది. డ్రైవరు మమ్మల్ని చూసి నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. కృష్ణాజిల్లాలో అంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు. సెవెన్ సీటర్ ఆటో ఉంది. ఏడుగురి బండి అంటే ఒక్కోవైపు ఏడుగురని ఎక్కాక తెలుస్తుంది. ఈ రెండూ కాదని నేను రైలుకి నెలవారీ సీజన్ టికెట్ తీసుకున్నాను. సీజన్ టికెట్ ఉన్నవాడికి రైలెక్కే హక్కుంటుంది, లోపలికి వెళ్ళే హక్కు మాత్రం బలాన్ని బట్టి ఉంటుంది. కష్టపడి లోపలికి వెళితే, సామాన్ల బల్ల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు మన భుజాల మీద పెట్టుకుంటారు. వెళ్ళకపోతే ఫుట్‌బోర్డే.

సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్క అవకాశం ఉంది. బెజవాడలో బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తూ ఉండగానే, ఆగకముందే, పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యాలి. కర్చీఫ్ పడ్డ సీటు మనది. ఆ తర్వాత మనం తీరిగ్గా ఎక్కొచ్చు. జేబులు కొట్టేవాడు కూడా ఇంకొకడి కర్చీఫ్ తియ్యడు. మా సీజన్ బ్యాచిలో జాన్‌బాబు అని ఉన్నాడు, రెండు చేతులతో రెండు కిటికీల్లో ఒకేసారి వేస్తాడు. నేను వేస్తే సగంసార్లు కిటికీ కమ్మీకి తగిలి నా మొహం మీదే పడుతుంది.

ఇవన్నీ ఇంట్లో చెబుతామా? చీకట్లో బయల్దేరి చీకట్లో ఇల్లు చేరుతున్నా, "కిటికీ పక్క సీటు, రాజ్యం! కాలవ మీంచి ఒకటే గాలి. కునుకు తీసేలోపే ఊరొచ్చేసింది" అనేవాణ్ణి. ఆవిడ "ఊఁ" అనేది.

ఆశ్వయుజంలో ఒక ఆదివారం, ఉన్నట్టుండి నోరు తెరిచింది. "ఏమండీ, రేపు నేనూ మీతో వస్తాను. ఆమినక్కని చూసి, సాయంత్రం మీతోనే వచ్చేస్తాను."

ప్రయాణం బాగుందనుకోండి, రోజూ వస్తానంటుంది. ఆ షాపులో కూర్చుంటే ఇక ఈ ఇల్లు గుర్తుండదు. ప్రయాణం ఇదీ అని తెలిసిందనుకోండి, నా కిటికీ సీటు బండారం బయటపడుతుంది. మళ్ళీ అద్దెకొంపకే పోదామంటుంది. ఎలా చూసినా పోయేది నా ఇల్లే. రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇల్లు. దాంట్లో నా భార్య సంతోషంగా ఉంటే చూడాలని తప్ప నాకు వేరే కోరిక లేదు. సంతోషంగా లేదని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

ఆలోచించి ఒక ఎత్తు వేశాను. పొద్దున ఆటోలో తీసుకెళ్ళి నరకం చూపించాలి. సాయంత్రం రైల్లో సీటు సంపాదించి స్వర్గం చూపించాలి. "చూశావా, నాకైతే రైలుంది. తెల్లవారక ముందు చేలగట్ల మీద నువ్వు రాలేవు గనక నీకు ఆటోనే గతి. నా మాట విని ఇంట్లో ఉండు" అనాలి. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. అంటే ఏం జరిగిందో మీరు ఊహించుకోవచ్చు.

మర్నాడు కొట్టుకి గంట ఆలస్యమైతే అయిందని, రోడ్డెక్కి ఆటో ఆపాను. చూడగానే తృప్తి కలిగింది. అంత కిక్కిరిసిన ఆటో మళ్ళీ దొరకదు. ఆకుకూరల బుట్టలు, పాలక్యాన్లు, వాటి మధ్య ఎక్కడో మనుషులు. "అయ్యో, చోటు లేదే రాజ్యం" అంటూ ఉండగానే లోపల్నించి ఒక లావుపాటి ఆవిడ, "రామ్మా రా, ఇటు కూచో! ఏయ్, జరగండే!" అంది. ఆ ఒక్క మాటతో ముగ్గురు పట్టే చోటు పుట్టింది. మా ఆవిడ వెళ్ళి మధ్యలో కూర్చుంది. ఆ లావుపాటావిడ పేరు అమలమ్మట, పొన్నగంటి కూర అమ్ముతుందట. వాళ్ళ పిలుపుల్లో తెలిసింది.

నాకు డ్రైవరు పక్కన బద్ద మీద అరసీటు దొరికింది. ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో. గతుకులో బండి ఎగిరినప్పుడు గాల్లో ఉన్న కాలి చెప్పు బురదలో పడింది. ఆపమంటే డ్రైవరు, "ఆపితే మళ్ళీ స్టార్టవదండీ" అన్నాడు. మరో గతుకులో రేకు గీసుకుని కాలి బొటనవేలు తెగింది. జేబులోంచి కర్చీఫ్ తీసి వేలికి కట్టుకున్నాను.

వెనక నుంచి నవ్వు వినిపించింది. రాజ్యం నవ్వు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వే నవ్వు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. కొత్త ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు. పాలక్యాన్ల మధ్య, ఊరూపేరూ తెలియని వాళ్ళతో నవ్వుతోంది. సంతోషించాలో ఏడవాలో తెలియక రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను.

దిగాక అడిగాను. "అప్పుడే అంత కలిసిపోయావా వాళ్ళతో?"

"ఆడవాళ్ళం కదండీ" అని, నా కాలికేసి చూసి, "నొప్పిగా ఉందా?" అంది.

సాయంత్రం స్టేషనుకొచ్చేసరికి వాన. రాజ్యం ఆమినాబీ షాపు నుంచి నేరుగా వచ్చి ప్లాట్‌ఫారం మీద నన్ను కలిసింది. భుజానున్న జిప్పు సంచీ తీసి, "ఇది పట్టుకోండి, మెట్ల దగ్గర కనకాంబరాలున్నాయి, తెచ్చుకుంటాను" అని వెళ్ళింది. మైకులో ఏదో చెబుతున్నారు. సీజన్‌వాడు మైకు వినడు, బండిని చూస్తాడు. బండి వస్తోంది.

ఈ ఒక్క సీటు దొరికితే నా ఇల్లు నిలబడుతుంది. జేబులో చెయ్యి పెట్టాను. కర్చీఫ్ లేదు, బొటనవేలికుంది. బండి నా ముందు నుంచి పోతోంది. ఒంటిచెప్పుతో పరిగెత్తి, వెనకాముందూ చూడకుండా, చేతిలో ఉన్న సంచీని కిటికీలోంచి తోసేశాను. తగిన చోట పడింది. జన్మలో మొదటిసారి నా గురి కుదిరింది.

"రెండు సీట్లు! రెండు!" అని అరిచాను.

లోపల కిటికీ పక్కనున్న పెద్దమనిషి తల ఊపాడు. నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. ఎక్కేవాళ్ళు ఎక్కనివ్వడం లేదు. ఎవరి మొహమూ తెలిసింది కాదు. మా సీజన్‌వాళ్ళంతా ఏమయ్యారా అనుకుంటుంటే, అవతలి ప్లాట్‌ఫారం నుంచి జాన్‌బాబు గొంతు వినిపించింది.

"గురువుగారూ! అది తెనాలి బండండీ! మనది ఇటు!"

బండి కదిలింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి, "సంచీ! సంచీ ఇచ్చెయ్యండి!" అన్నాను. చక్రాల చప్పుడులో ఆ పెద్దమనిషికి ఏం వినపడిందో, సంచీని గుండెకి హత్తుకుని, "మీరు కంగారుపడకండి, ఎక్కడో అక్కడ ఎక్కెయ్యండి. మీ సీటు ఎవరికీ ఇవ్వను" అన్నాడు. అంత మాటమీద నిలబడే మనిషిని కూడా నేను చూడలేదు.

ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి తిరిగొచ్చాను. రాజ్యం తలలో పూలు పెట్టుకుంటోంది.

"సంచీ ఏదండీ?"

"సీట్లో ఉంది."

"సీటేదండీ?"

"తెనాలి వెళుతోంది."

"దాంట్లో ఇంటి తాళాలున్నాయి. రెండు చెవులూ ఒకే గుత్తికున్నాయి" అంది.

తిడుతుందని తల దించుకుని నిలబడ్డాను. తిట్టలేదు. మా బండి మా కళ్ళముందే వెళ్ళిపోయింది. "పదండి, ఆమినక్క ఇంటికి పోదాం. వానలో ఎంతసేపు?" అంది.

సందు మలుపు తిరిగాక రాజ్యం నడక వేగం పెరిగింది. నేను కుంటుతూ వెనకబడ్డాను. ఆమినాబీగారు గుమ్మంలోనే ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "వచ్చారా అన్నా? పైకి పదండి, దీపం పెట్టే ఉంచాను" అంది.

పైన మా పాత వాటా. తలుపు తీసి ఉంది. లోపల చాప పరిచి ఉంది. కిరసనాయిలు స్టవ్వు, పప్పు డబ్బాలు, మూతపెట్టిన నీళ్ళబిందె. దండెం మీద నా లుంగీ. గోడవారగా మా ఆవిడ కుట్టుమిషను.

"ఇది రిపేరుకిచ్చానన్నావుగా?"

"అన్నాను."

"ఆ డబ్బాలు మనవేనా?"

"మనవే. రోజుకొకటి తెచ్చాను. నెలనుంచి."

"నెలనుంచా! దేంట్లో?"

"పొద్దున అమలమ్మ వాళ్ళ ఆటోలో. మధ్యాహ్నం బండిలో ఆడవాళ్ళ పెట్టెలో వెనక్కి. మీరొచ్చేసరికి అన్నం వండి కూర్చునేదాన్ని."

నేను చాప మీద కూలబడ్డాను. "ఇంట్లో సామాను తగ్గిపోతుంటే నాకెందుకు కనపడలేదు?"

"చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తారు, ఆదివారం పగలంతా నిద్రపోతారు, ఏం కనపడుతుంది? మన ఇంటికి బయట ఏం రంగేశామో చెప్పండి చూద్దాం."

ఆలోచించాను. "నీలం."

"ఆకుపచ్చండీ."

వాన రేకుల మీద పడుతోంది. "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా రాజ్యం. నెలల తరబడి 'ఊఁ' తప్ప ఇంకో మాట లేదు. నేనెంత బెదిరిపోయానో తెలుసా?"

"ముందు మాట్లాడబుద్ధి కాలేదండీ. నిజంగానే. పొద్దున మీరు వెళ్ళాక సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఉండబట్టలేక ఒకరోజు మీకు చెప్పకుండా ఆటో ఎక్కాను, ఆమినక్కని చూసొద్దామని. ఇక ఆ తర్వాత, నోరు తెరిస్తే ఎక్కడ బయటపడుతుందోనని మాట్లాడలేదు."

"ఒకరోజు చూసొద్దామని వెళ్ళినదానివి కాపురమంతా ఎందుకు మోసుకొచ్చావు?"

కొంగుచివర వేలికి చుట్టుకుంది.

"ఆ మొదటిరోజే రైల్వే గేటు పడిందండీ. ఆటో ఆగింది. మీ బండి లేటల్లే ఉంది, అప్పుడొచ్చింది. అమలమ్మ చూపించింది, 'ఎవరో చూడండే, ఒంటిచేత్తో వేలాడుతూ క్యారేజీ పళ్ళతో కరుచుకున్నాడు' అని. ఆటో అంతా నవ్వారు. నేనూ నవ్వాను. దగ్గరికొచ్చాక చూస్తే మీరు."

నేను వేలికున్న కర్చీఫ్ ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"వాళ్ళకి చెప్పలేదు. వాళ్ళతో పాటు నవ్వుతూనే ఉన్నాను, గేటు తీసేదాకా. ఇక్కడికొచ్చి ఆమినక్క దగ్గర ఏడ్చాను. ఈ వాటా ఎవరికీ ఇవ్వొద్దన్నాను. ఆ సాయంత్రం మీరు ఇంటికొచ్చి, ఇవాళ కూడా గాలి బాగా వచ్చిందన్నారు."

"వచ్చింది కదా" అన్నాను. ఫుట్‌బోర్డు మీద గాలికేం తక్కువ.

రాజ్యానికి నవ్వొచ్చింది, దాంతో పాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి. ముక్కు తుడుచుకుని, "ఇవాళ మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చి, ఈ గది చూపించి బతిమాలదామనుకున్నాను. పొద్దున్నుంచీ ధైర్యం చాల్లేదు. మీకు ఆ ఇల్లంటే ప్రాణం. ఎలా చెప్పాలా అనుకుంటూ పూలు కొనుక్కుని వస్తుంటే, మీరు తెనాలి బండి పక్కన పరిగెత్తుతున్నారు" అంది.

నేను నిటారుగా కూర్చున్నాను. "అంటే, సంచీ వెయ్యడం నువ్వు చూశావా?"

"చూశాను."

"అది తెనాలి బండని నీకు తెలుసా?"

"నెలనుంచి వస్తున్నదాన్ని, తెలీదా? మైకులో కూడా చెప్పారు."

"మరి అరవొచ్చుగా!"

"అరుద్దామని నోరు తెరిచానండీ. తాళాలు దాంట్లోనే ఉన్నాయని గుర్తొచ్చి మూసేశాను."

కింద నుంచి ఆమినాబీగారు, "అన్నా, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి, పైకి పంపిస్తున్నా" అని కేకేసింది. నా పక్షాన మాట్లాడేవాళ్ళు ఆ సందులో ఒక్కరూ లేరని నాకు అర్థమైంది. సరిపోయిందనే చెప్పాను.

ఇది జరిగి రెండు నెలలైంది. కొట్టుకి నడిచే వెళుతున్నాను. రాజ్యం రోజూ పోట్లాడుతోంది. ఆ సంచీ సంగతైతే సందులో ఎవరొచ్చినా మొదట్నించీ చెబుతుంది, నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఎలా తోశానో చూపించమంటుంది. చూపిస్తున్నాను. అలవాటు చొప్పున నాకు మాత్రం ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. వెళ్ళడానికి బండి లేదు గనక మెట్ల మీద కూర్చుంటాను.

తాళం పగలగొట్టించి ఆ ఇల్లు అద్దెకివ్వమని జాన్‌బాబు పోరుతున్నాడు. వచ్చే ఆదివారం అంటున్నాను. అద్దెకొచ్చేవాడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చుట్టూ చూస్తుంది. ఆ సమయంలో తాళం చేత్తో పట్టుకుని నేనక్కడ ఉండాలి. అందుకని ఆదివారాలు గడిచిపోతున్నాయి.

రాజ్యం తొందరపెట్టదు. నిన్న అన్నం వడ్డిస్తూ మాత్రం, "తలుపులకి చెద పడుతుందేమోనండీ" అంది.

"పడితే పడనీ" అన్నాను. ఆ తర్వాత కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతూ కూర్చున్నాను. ఆవిడ చూసి, నా కంచంలో ఇంకొంచెం మజ్జిగ పోసింది.